నేను పూయించిన సిమెంటుని నేనే గీకించాను

నెల్లూరులో మా పాత ఇంటి గోడకి మున్సిపాలిటీ వాళ్లు కాగితం అంటించి పోయిన రోజున నేను కావలిలో, నేను పాఠాలు చెప్పే బళ్లో ఉన్నాను. అన్నం గంట కొట్టాక ఫోను తీస్తే, కింద కొట్లో బాడుగకుండే బట్టల కొట్టాయన పంపిన ఫొటో. 'శిథిలావస్థకు చేరిన కట్టడం', 'పదిహేను రోజులలోగా తొలగించవలెను' అని రెండు ముక్కలు మాత్రం స్పష్టంగా కనబడుతున్నాయి. 2022 సెప్టెంబరు అది. వానాకాలంలో మున్సిపాలిటీల వాళ్లు ఇలాంటి నోటీసులు ఇస్తారు, ఇవ్వాలి కూడా. పాత మిద్దె కూలి మనుషులు పోయిన వార్త ఏడాదికొకటైనా చదువుతూనే ఉంటాం. అందుకని నాకు కోపం రాలేదు. సిగ్గేసింది. ఆ గోడ అట్లా తయారవడానికి కారణం ఎవరో అప్పటికే నాకు లోపల అనుమానంగా ఉంది.

మా ఇల్లు నెల్లూరు చిన్నబజారులో. రోడ్డు వైపు రెండు కొట్లు, వాటి మధ్య ఇద్దరు పక్కపక్కన నడవలేనంత సన్నటి నడవ, లోపల చిన్న మండువా, వెనక వంటిల్లు, బావి. పైన ఒక మేడ గది, దాని ముందు కొయ్య కటకటాల వరండా. గోడలు రెండడుగుల మందం. పైకప్పు పాతకాలపు మిద్దె. కప్పుని మోసే టేకు కొయ్యలు, అంటే దంతెలు పరిచి, వాటి మీద సన్నటి ఇటుకల్ని అంచు మీద నిలబెట్టి, ఏటవాలుగా పేర్చుకుంటూ సున్నంతో బిగిస్తారు. దానిమీద ఇటుక ముక్కలు, సున్నం కలిపిన కంకర వేసి చదునయ్యేదాకా రోజుల తరబడి కొట్టి, ఆపైన పలకలు పరుస్తారు. ఇంజినీర్లు దీన్ని మద్రాస్ టెర్రస్ అంటారు. మే నెల నెల్లూరు ఎండలో కూడా మా మండువాలో ఫ్యాను లేకుండా పడుకోవచ్చు. చిన్నప్పుడు సెలవులన్నీ అట్లాగే గడిచాయి.

ఈ ఇల్లు నా ఒక్కడిది కాదు. నాయన పోయాక నాకు, చిన్నాయనకి, అత్తకి మూడు భాగాలు. నోటీసు సంగతి చెప్పగానే చిన్నాయన అన్న మొదటి మాట, "మంచిదే అయింది లేబ్బయ్యా. నూరేళ్ల గోడల్ని పట్టుకోని యాడికని పోతావు? బిల్డరు వాళ్లంతట వాళ్లే పిలిచి ఇస్తామంటన్నారు గదా." ఆయన్ని నేను తప్పు పట్టను. మోకాళ్ల నొప్పులతో ఆ ఇంటి మెట్లు ఎక్కలేడు. రెండు కొట్ల బాడుగ ఎప్పటి లెక్కో, మూడు భాగాలు చేస్తే ఆయన మందులకి కూడా రాదు. చిన్నబజారులో అంకణం (మా వైపు స్థలం కొలత) ధర వింటే ఎవరికైనా మనసు లాగుతుంది. అత్త మాత్రం, "మీరిద్దరూ ఏమనుకుంటే అదే" అని ఫోను పెట్టేసింది. అంటే ఇష్టం లేదని అర్థం. ఏది ఇష్టం లేదో మాత్రం చెప్పలేదు.

నేను చేసిన మొదటి తెలివితక్కువ పని పురావస్తు శాఖ ఆఫీసుకి పోవడం. నూరేళ్లు నిండిన కట్టడం దానంతటదే రక్షిత కట్టడం అయిపోతుందని, ఆ కాగితం ఒకటి తెచ్చుకుంటే నోటీసు ఆగిపోతుందని నా నమ్మకం. అక్కడున్నాయన ఓపిగ్గా కూర్చోబెట్టి చెప్పాడు. కేంద్రానికి 1958 చట్టం, మన రాష్ట్రానికి 1960 చట్టం ఉన్నాయి. రెండింటిలోనూ వయసొక్కటే చాలదు. చారిత్రకంగానో కళాపరంగానో విలువ ఉందని తేల్చి, ప్రభుత్వం నోటిఫికేషన్ ఇస్తేనే రక్షణ. కింద బట్టల కొట్టు, పక్కన ఇత్తడి సామాన్ల కొట్టు ఉన్న ఇంటికి నోటిఫికేషన్ ఎవరిస్తారు? ఇంటాక్ అని 1984 నుంచి పనిచేస్తున్న సంస్థ పాత కట్టడాల జాబితాలు తయారు చేస్తుందిగానీ, ఆ జాబితాలో పేరున్నంత మాత్రాన కూల్చకుండా ఆపే చట్టబలం రాదని కూడా అక్కడే తెలిసింది.

ఆ ఆఫీసుకి పోయొచ్చిన సంగతి నాకంటే ముందే బజారుకి చేరింది. మర్నాడు పొద్దున్నే ఎదురింటాయన వచ్చాడు. "మాస్టారూ, మీ ఇంటిని పురావస్తు వాళ్లకి రాసిస్తన్నారంట గదా. మా మూడో అంతస్తు గతేం గావాల?" ఆయన భయానికి ఆధారం లేకపోలేదు. కేంద్రం రక్షించే కట్టడాల చుట్టూ 100 మీటర్ల లోపల కొత్త నిర్మాణం కుదరదు, ఆపైన ఇంకో 200 మీటర్ల దాకా అనుమతి తీసుకోవాలి. 2010లో సవరించి చట్టంలోనే చేర్చిన నిబంధన ఇది. ఆ లెక్కన చిన్నబజారు మొత్తం ఆగిపోవాల్సిందే. అట్లాంటిదేమీ లేదని ఆయనకి నచ్చజెప్పేసరికి రెండు కాఫీలు అయ్యాయి.

ఇంతకీ ఇల్లు కట్టి నూరేళ్లయిందా? ఇంట్లో ఎవరి లెక్క వాళ్లది. మా జేజి (నాయనమ్మ) ఉన్నప్పుడు, "నెల్లూరికి రైలొచ్చినప్పుడు కట్టినారు" అనేది. గూడూరు నుంచి బెజవాడకి రైలు మార్గం పూర్తయింది 1899లో. చిన్నాయన అంతకంటే వెనక్కి పోయాడు. వంటింటి మీద బంగళా పెంకులు దింపి చూపించి, "ఇదిగో, 1865 అని అచ్చు ఉండాది గదా" అన్నాడు. అంకె ఉన్న మాట నిజమే. అయితే అది పెంకు తయారైన సంవత్సరం కాదు. మంగళూరులో బాసెల్ మిషన్ వాళ్లు పెంకుల ఫ్యాక్టరీ పెట్టిన సంవత్సరం. మిఠాయి కొట్టు బోర్డు మీద 'స్థాపితం' అని రాసుకున్నట్టే అదీను. ఆ పెంకు చూసి తమ ఇల్లు 1865 నాటిదని చెప్పుకునే వాళ్లు మా చిన్నాయన ఒక్కడే కాదనుకుంటాను.

చివరికి సంగతి తేల్చింది దస్తావేజులు. ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల పట్టీ, ఇప్పుడు ఆన్‌లైన్‌లోనే వస్తుందిగానీ 1983 నుంచే. అంతకుముందువి కావాలంటే రిజిస్ట్రారాఫీసులో పాత పుస్తకాలు వెతికించుకోవాలి. సెలవు పెట్టుకుని నాలుగుసార్లు తిరిగాను. దొరికినవి రెండు. 1911 నాటి క్రయ దస్తావేజులో మా ముత్తాత కొన్నది 'తాటాకు పాకయున్నూ, నివేశన స్థలమున్నూ'. 1926 నాటి తాకట్టు దస్తావేజులో అదే హద్దుల మధ్య 'మిద్దె ఇల్లు, మేడగది, పెంకుటి వంటశాల, నుయ్యి' ఉన్నాయి. అంటే ఈ పదిహేనేళ్ల మధ్యలో ఎప్పుడో కట్టారు. రైలు రాక గురించి జేజి చెప్పింది తప్పే. ఇంకో మాట మాత్రం సరిపోయింది. తను పుట్టకముందు పెద్ద గాలివానకి వంటింటి పెంకులన్నీ ఎగిరిపోతే మళ్లీ నేయించారని చెప్పేది. 1927 నవంబరులో నెల్లూరుని కొట్టిన తుపాను అదే అయ్యుండాలి. తాకట్టు ఎందుకు పెట్టారో కాగితంలో ఉంది, 'గృహనిర్మాణ నిమిత్తం చేసిన అప్పులు తీర్చుటకు' అని. నూరేళ్ల క్రితం కూడా అంతే.

ఆ రెండు కాగితాల నకళ్లు తీసుకుని ఇంటికొచ్చి గోడ దగ్గర నిలబడితే అసలు ప్రశ్న మిగిలే ఉంది. 1926కి ముందే అప్పు చేసి కట్టిన గోడ 1927 తుపానుకి నిలబడింది, 1984 నవంబరు తుపానుకి, 1989 కావలి తుపానుకి నిలబడింది. 2016 తర్వాత ఆరేళ్లలో ఎందుకు పిండి పిండి అయింది?

2016లో జరిగింది ఇది. ముందటి ఏడాది వానలకి కింది గదుల్లో గోడ అడుగున రెండడుగుల దాకా సవుడు పట్టి, సున్నం రాలుతుండేది. ఎవరో చెప్పారని పాత సున్నమంతా కొట్టించి, నాలుగడుగుల ఎత్తు దాకా గట్టి సిమెంటు ప్లాస్టరింగ్ చేయించాను. మిద్దె మీద కూడా రెండంగుళాల సిమెంటు పోయించి, పైన వాటర్‌ప్రూఫ్ అని ఒక కెమికల్ రాయించాను. చాలా బాగుందన్నారందరూ. నాకూ బాగుందనిపించింది. రెండేళ్లకి ఐదో అడుగు దగ్గర చెమ్మ తేలింది. నాలుగేళ్లకి ఆరడుగుల ఎత్తుకి పాకింది. 2021 నవంబరులో పెన్నకి వరదొచ్చిన ఆ వానలకి మేడ గదిలో మూడు చోట్ల కారింది.

నోటీసు వచ్చాక మొదట పిలిచిన ఇంజినీరు లోపలికి రానే లేదు. రోడ్డు మీద నుంచే చూసి, "సిమెంటు వేసినా ఆగలేదంటే ఇంకేం ఆగదు సార్, కొట్టేయండి" అన్నాడు. రెండో ఆయన్ని చెన్నైలో పాత కట్టడాల పని చేసే ఒక ఆర్కిటెక్టు పంపించింది. మా నెల్లూరు వాళ్లకి జబ్బు చేసినా, పెళ్లి చీర కొనాలన్నా మద్రాసే కదా, ఇంటికి జబ్బు చేసినా అంతే అయింది. ఆయన ఒక రోజంతా ఉన్నాడు. చిన్న సుత్తితో గోడంతా తట్టాడు. సిమెంటు ఉన్న చోట బోలుగా మోగింది. మేడ గది కప్పులో మూడు చోట్ల తవ్వి చూశాడు. పద్నాలుగు దంతెల్లో పదకొండు ఉక్కులాగా ఉన్నాయి. మూడింటి కొసలు మాత్రం గోడలోకి పోయిన చోట కుళ్లిపోయి, వేలు పెడితే దిగబడ్డాయి.

ఆయన చెప్పింది నాకు అర్థమైనంతవరకు ఇది. మట్టిలోంచి తేమ గోడలోకి ఎక్కడం మామూలే. పునాదిలో అడ్డు పొర వేయని పాత గోడలకి ఎప్పుడూ ఎక్కుతూనే ఉంటుంది. సున్నపు పూత ఉంటే ఆ తేమ ఎక్కడికక్కడ గాలికి ఆరిపోతుంది. సిమెంటు దాన్ని బయటికి పోనివ్వదు. దారి లేక తేమ పైపైకి పాకి సిమెంటు అయిపోయిన చోట బయటపడుతుంది. నీళ్లతోపాటు వచ్చిన ఉప్పు ప్లాస్టరింగు వెనక గడ్డకట్టి ఇటుకని లోపల్నించి పగలగొడుతుంది. మిద్దె మీదా అదే. సున్నపు కప్పు ఎండకి కొద్దిగా సాగుతుంది, చలికి కుంచించుకుంటుంది. గట్టి సిమెంటు దాంతోపాటు కదల్లేక నెర్రెలు ఇస్తుంది. నెర్రెలోంచి దిగిన నీళ్లు మళ్లీ పైకి ఆరలేవు. నిదానంగా దంతెల కొసల దగ్గరికి చేరతాయి. అంటే నూరేళ్ల ఇంటికి వచ్చిన జబ్బు వయసుది కాదు, నా వైద్యానిది.

ఆయన రిపోర్టు మాత్రం పూర్తిగా మాకు అనుకూలంగా ఏమీ రాలేదు. ముందు భాగం, మేడ గది మరమ్మతు చేసి నిలబెట్టొచ్చు. వెనక వంటింటి పడమటి గోడ బయటికి వాలింది, దాన్ని వెంటనే దించాలి. నోటీసులో చెప్పిన ప్రాణాపాయం అక్కడ నిజమే. ఆ వారమే మనుషుల్ని పెట్టి ఆ గోడ దించేశాం. మేడ గది ఖాళీ చేసి, కింద సర్వి బాదులతో, జాకీలతో కప్పుకి ఊతం పెట్టించాం. రోడ్డు వైపు తాడు కట్టాం. స్టెబిలిటీ రిపోర్టు, ఫొటోలు, గడువు కోరుతూ అర్జీ పట్టుకుని ఆఫీసుకి పోయాను. వాదించడానికి సిద్ధపడి పోయానుగానీ అవసరం రాలేదు. వాళ్లకి కావాల్సింది ఎవరి మీదా ఇల్లు పడకుండా ఉండటం. గోడ దించిన ఫొటో చూశాక మరమ్మతుకి గడువిచ్చారు. నోటీసు వస్తే దాన్ని చింపేసి దాక్కునేవాళ్లకి ఇదొక్కటే నేను చెప్పగలిగింది. ముందు ఊతం పెట్టండి, తర్వాత ఆఫీసుకి పోండి.

చిన్నాయన్ని ఒప్పించడం దీనికంటే కష్టమైంది. చివరికి కుదిరిన ఒప్పందం ఏమిటంటే, ఖర్చంతా నాది. ఐదేళ్లపాటు బాడుగలో నా భాగం కూడా ఆయనకే. ఆ తర్వాత కూడా అమ్మాలనే అంటే నేను అడ్డం రాకూడదు. ఇది మంచి బేరమా కాదా అని మా ఇంట్లో ఆమె ఇప్పటికీ అడుగుతుంది.

సున్నం పని తెలిసిన మేస్త్రి ఊళ్లో దొరకలేదు. ఒక గుడి మరమ్మతులో పనిచేసి వచ్చిన పెద్దాయన తడ దగ్గర ఉన్నాడంటే వెళ్లాను. డెబ్బై దాటిన మనిషి. పులికాట్ ఒడ్డున గుల్లలు ఏరి, బట్టీల్లో కాల్చి సున్నం చేసే రోజులు చూసినవాడు. వచ్చి గోడ చూసి, సిమెంటు మీద అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడ్డాడు.

"ఇది ఎవరు చేయించినారు సామీ?"

"నేనే పెద్దాయనా."

"తడిసిన చొక్కాని ఆరేస్తారు గానీ దానిమీద రెయిన్‌కోటు తొడుగుతారా?"

ఇంకేమీ అనలేదు. 2023 ఫిబ్రవరిలో పని మొదలైంది.

మొదటి నెలన్నర గీకడమే. ఉలి, సుత్తి తప్ప డ్రిల్లు ముట్టుకోనివ్వలేదు, అదురుకి మంచి గోడ కూడా కదులుతుందని. సిమెంటు ఊడేటప్పుడు ఇటుక ముఖాన్ని కూడా పీక్కుని వచ్చింది. వెనక ఎర్రటి పొడి బస్తాల కొద్దీ రాలింది. దుమ్ముకి బట్టల కొట్టాయన ఇరవై రోజులు కొట్టు మూసుకున్నాడు, ఆ నెల బాడుగ నేను అడగలేదు, ఆయనా ఇవ్వలేదు. పాడైన ఇటుకల స్థానంలో పెట్టడానికి ఇప్పటి ఇటుకలు పనికిరావు, మందం సరిపోదు. మూలాపేటలో ఒక పాత ఇల్లు కొడుతున్నారని తెలిసి నాలుగొందల ఇటుకలు ఏరి తెచ్చుకున్నాం. ఇంకొకరి ఇల్లు కూలితేగానీ మా గోడకి ఇటుక దొరకలేదు. ఆ ఇంటివాళ్లు తలుపులు, ద్వారబంధాలు అప్పటికే అమ్మేశారు.

సున్నం పెరట్లోనే గుంట తవ్వి తడిపాం. కాల్చిన సున్నం మీద నీళ్లు పోస్తే కుతకుతా ఉడుకుతుంది, ఆవిరి కొడుతుంది. పిల్లల్ని ఆ ఛాయలకి రానివ్వకూడదు, కళ్లలో పడితే చూపు పోతుంది. ఉడుకు తగ్గాక వెన్నలాగా అవుతుంది. దాన్ని నీళ్ల కింద నెలకి పైగా నాననివ్వాలి. ఎంత నానితే అంత మంచిదంటాడు పెద్దాయన. పాతరోజుల్లో ఎద్దుని కట్టి రాతి గానుగలో తిప్పేవాళ్లు. మాకు మోటారుతో తిరిగే గ్రైండరు దొరికింది. ఒక పాలు సున్నానికి మూడు పాళ్లు పెన్న ఇసుక, అదీ కడిగింది. కొంచెం ఇటుక పొడి. కలపడానికి మామూలు నీళ్లు కాదు. కరక్కాయలు దంచి, నల్లబెల్లం వేసి పది పన్నెండు రోజులు పులియబెట్టిన నీళ్లు. కరక్కాయలు పెద్దబజారులో మూలికలమ్మే కొట్లో బస్తా కొంటే, కొట్టాయన ఏ జబ్బుకని అడిగాడు. పులిసిన వాసన వీధంతా కొట్టింది. ఎదురింటాయన మళ్లీ వచ్చాడు. "మాస్టారూ, సారా ఏమన్నా కాస్తన్నారా?" చీమల సంగతి చెప్పనక్కర్లేదు.

అసలు ఈ ఇంట్లో సిమెంటు ఎందుకు లేదో కూడా అప్పుడే అర్థమైంది. మన దేశంలో సిమెంటు ఫ్యాక్టరీ నిలదొక్కుకుంది 1914లో, పోరుబందరులో. మా ముత్తాత ఇల్లు కట్టేనాటికి అది బజారు సరుకు కాదు. తెలిసిన సున్నంతో కట్టుకున్నాడు, అంతే. అందులో గొప్ప విజ్ఞానం ఉందని ఇప్పుడు కొంతమంది మాట్లాడతారుగానీ పెద్దాయన అట్లా మాట్లాడడు. సున్నం నిదానం, సిమెంటు తొందర, ఏ గోడకి ఏది పనికొస్తే అది, కొత్త స్లాబుకి సిమెంటే వేసుకోండి అంటాడు.

నిదానం అంటే ఎంత నిదానమో నాకు అప్పటిదాకా తెలియదు. ఒక పూత పూశాక పది రోజులు తడి గోనెలు కప్పి ఉంచాలి. అది ఆరినట్టుండి లోపల పచ్చిగానే ఉంటుంది. గాలి పీల్చుకుంటూ నెలల తరబడి గట్టిపడుతుంది. రోజూ కావలి నుంచి రైలు దిగి నేరుగా వచ్చి గోనెలు తడపడం నా పని. దంతెల పని మాత్రం వేరే వడ్రంగి చేశాడు. కుళ్లిన కొసలు కోసేసి, పాత టేకు ముక్కలు ఏటవాలుగా అతికి, ఇనప పట్టీలు, బోల్టులు బిగించాడు. దంతె మొత్తం మార్చలేదు. కొస గోడలో కూర్చునే చోట చుట్టూ కొంచెం గాలి ఆడేలా సందు వదిలారు. వరండా పక్క గోడలో మొలిచిన రావి మొక్కని నేను ఎన్నోసార్లు పీకాను, ప్రతిసారీ మళ్లీ వచ్చింది. వేరు ఎటు పోయిందో చూసుకుంటూ ఇటుకలు విప్పి, వేరంతా తీసి మళ్లీ పేర్చాల్సి వచ్చింది. ఒక్క మొక్కకి మూడు రోజుల కూలి.

జులై ఆఖర్లో రొట్టెల పండగ వచ్చింది. బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో కోరికకొక రొట్టె చొప్పున మార్చుకోవడానికి పనివాళ్లలో సగం మంది పోయారు. పెద్దాయన కూడా పోయాడు. ఏం రొట్టె పట్టుకున్నావు పెద్దాయనా అంటే, "ఇంటి రొట్టె సామీ, మా అబ్బాయికి" అన్నాడు. ఇన్ని ఇళ్లకి పూత వేసినాయన కొడుకు బాడుగింట్లో ఉంటాడు.

మిద్దె మీద సిమెంటు తీయడం ఆగస్టులో పడింది, అదే మేం చేసిన పొరపాటు. ఎండాకాలంలో చేయాల్సిన పని. మధ్యలో వానలు పడి టార్పాలిన్లు కప్పుతూ తీస్తూ నానా అవస్థ పడ్డాం. రెండంగుళాల సిమెంటు దించేసరికి రెండు లారీల బరువు తగ్గింది. ఏడేళ్లు ఆ కప్పు మోసింది ఆ బరువునే. కొత్తగా సున్నపు కంకర వేసి, ఆడవాళ్లు వరసగా కూర్చుని కొయ్య తాపులతో కొట్టారు. నీళ్లు పోయే వాలు సరిచేసి, పూడిపోయిన రెండు తూములు తెరిచాం. మొత్తం పదమూడు లక్షల చిల్లర అయింది. మరమ్మతుకి అప్పు అడిగితే ఒక బ్యాంకులో ఈ వయసు కట్టడానికి విలువ లేదన్నారు, స్థలానికైతే ఇస్తామన్నారు. పీఎఫ్ తీశాను.

2023 డిసెంబరు మొదట్లో మిచాంగ్ తుపాను వచ్చింది. నెల్లూరులో రోజుల తరబడి కురిసింది. మేడ గదిలో టార్చి పట్టుకుని పడుకున్నాను. కప్పు కారలేదు. తెల్లవారుజామున మెట్ల మూల దగ్గర మాత్రం గోడ మీద అరచేతి వెడల్పు తడి కనబడింది. అక్కడ నీళ్ల పైపు చుట్టూ పెద్దాయన ఊళ్లో లేని రోజు, సున్నం అయిపోయిందని, నేనే ఒక బొచ్చెడు సిమెంటు కలిపి పూశాను. ఫోన్లో చెబితే అట్నుంచి నవ్వు వినబడింది. ఇప్పుడు గీకొద్దు, సంక్రాంతి పోయినాక వస్తా, గుంటలో సున్నం మీద నీళ్లు ఆరకుండా చూసుకో అన్నాడు.

చిన్నాయన ఈ మధ్య వచ్చి కొత్త గోడని గోటితో గీరి చూశాడు. బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు. మండువాలో పడక్కుర్చీ వేయించుకుని మధ్యాహ్నం నాలుగింటిదాకా నిద్రపోయి, పోతూ పోతూ ఐదేళ్ల సంగతి గుర్తు చేశాడు.